ఫార్మసీ తరువాత: రోగికి ఎంత దూరంలో నిలబడతారు?

ప్రశ్న: ఫార్మసీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. నాన్న సొంతంగా మందుల దుకాణం పెట్టుకోమంటున్నారు. ఫార్మకోవిజిలెన్స్‌లో, అంటే మందుల వల్ల కలిగే హానిని కనిపెట్టి చూసే విభాగంలో, చేరితే కూర్చుని చేసుకునే హాయైన ఉద్యోగం దొరుకుతుందని సీనియర్లు చెబుతున్నారు. మా అధ్యాపకులేమో పరిశోధన వైపు వెళ్లమంటున్నారు. నాకు ఫార్మకాలజీ (మందులు శరీరంలో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) ఇష్టం, జ్ఞాపకశక్తి కూడా బాగానే ఉంది. ప్రయోగశాలలో ఒకే పని పదిసార్లు చేయాలంటే మాత్రం విసుగొస్తుంది. కొత్తవారితో మాట్లాడాలంటే బెరుకు. వీటిలో ఏది మంచిది?

జవాబు: మీకు సలహా ఇచ్చిన వారంతా తాము నడిచిన దారినో, తమకు కనిపించిన దారినో చూపించారు. అందులో తప్పు లేదు. అయితే ‘ఏది మంచిది’ అని అడిగినంతకాలం మీకు ఇలాంటి సలహాలే అందుతాయి. ఉద్యోగం మారాలని నా దగ్గరికి వచ్చే ఫార్మసీ పట్టభద్రులు జీతం తక్కువైందని చెప్పేదానికంటే, పనిలో రోజంతా విసుగ్గా సాగుతోందని చెప్పడమే ఎక్కువ. అందుకే నేను రెండు సంగతులు చూడమంటాను. ఆ పనిలో మీరు రోగికి ఎంత దూరంలో ఉంటారు? మీ పొరపాటు ఎంతకాలానికి బయటపడుతుంది?

మందుల దుకాణంలో ఆ దూరం బల్ల వెడల్పంత. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఆ సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పకపోతే, మిగిలిన మాత్రలలాగే దాన్నీ రోజూ వేసుకునే రోగులుంటారు. రక్తకణాలు పడిపోయి కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. బల్ల దగ్గర అర నిమిషం మాట్లాడితే తప్పిపోయే ప్రమాదం అది. ఇక్కడ మీ బెరుకు గురించి నేను పెద్దగా దిగులుపడను. దుకాణంలో మాటలు ఊరికే సాగే కబుర్లు కావు. ఏం చెప్పాలో ముందే తెలిసిన మాటలు. ఆరు నెలల్లో అలవాటవుతాయి. మీ నాన్నగారు చెప్పకుండా వదిలేసినది వేరే ఉంది: సొంత దుకాణమంటే సగం వ్యాపారం. సరుకు నిల్వలు, గడువు తీరబోయే మందులు, పెట్టుబడి, సెలవు లేని సాయంత్రాలు. ఫార్మకాలజీ మీద ఇష్టం ఒక్కటే ఆ సగాన్ని మోయలేదు.

ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు పని గురించి మీకు ఎవరూ చెప్పకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మీరు రాసిన ఇష్టాయిష్టాలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న రోగికి క్షయ బయటపడి రిఫాంపిసిన్ మొదలుపెట్టారనుకోండి. కాలేయంలో మందులను విరిచే ఎంజైములను రిఫాంపిసిన్ పెంచుతుంది, వార్ఫరిన్ ప్రభావం పడిపోతుంది. దాన్ని చూసి మోతాదు పెంచుతారు. కొన్ని నెలల తరువాత రిఫాంపిసిన్ ఆపినప్పుడు అదే పెంచిన మోతాదు రక్తస్రావానికి దారి తీయవచ్చు. మొదలుపెట్టిన రోజునే కాక, ఆపే రోజును కూడా గుర్తుపెట్టుకుని ‘ఇప్పుడు రక్తపరీక్షలు తరచుగా చేయించి మోతాదు తగ్గించుకుంటూ రావాలి’ అని చెప్పే మనిషి కావాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదులు సరిచూడటం, ఇంట్లో వాడుతున్న మందులకూ ఆసుపత్రిలో రాసిన మందులకూ పొంతన ఉందో లేదో చూడటం కూడా ఈ పనే. ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు.

చిక్కులు లేకపోలేదు. మీకంటే పెద్ద హోదాలో ఉన్న వైద్యుడితో, పదిమంది ముందు, ‘ఈ మోతాదు ఎక్కువేమో’ అనగలగాలి. ఆ బెరుకు దుకాణం బెరుకు కంటే మొండిది. ఈ పనికి డిగ్రీ మీద అదనపు శిక్షణ అడిగే చోట్లు చాలా ఉన్నాయి. పైగా కొన్ని ఆసుపత్రులలో ఫార్మసిస్టు అంటే స్టోరు చూసుకునే వ్యక్తి మాత్రమే. చేరే ముందు ‘నన్ను వార్డు రౌండ్లకు పంపుతారా?’ అని సూటిగా అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుగా వస్తే ఆ ఉద్యోగం ఏమిటో అర్థమైనట్టే.

పరిశ్రమలో రోగి కనిపించడు, కానీ అక్కడి పొరపాటు ఒక్కరితో ఆగదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే బాక్టీరియా మందును ద్రవరూపంలో అమ్మడానికి డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించారు. రుచీ రంగూ చూశారు, విషమా కాదా అన్నది చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలు కూడా ఎందరో ఉన్నారు. ఇప్పటి కర్మాగారంలో అడుగడుగునా పరీక్షలు, సంతకాలు ఉండటానికి వెనుక ఇలాంటి కథలున్నాయి. నాణ్యత నియంత్రణ విభాగంలో ముడి పదార్థాన్నీ, తయారైన మాత్రనూ పరీక్షిస్తారు. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గదిలో ఆరు నెలలు ఉంచిన మాత్రలు ఎంత చెడ్డాయో నిర్ణీత గడువుల్లో తీసి చూస్తారు. ఒకే పద్ధతి, ఒకే యంత్రం, మళ్లీ మళ్లీ. పదోసారి కూడా మొదటిసారి చేసినంత శ్రద్ధగా చేసేవారికే అది తగిన చోటు. మీకు కాదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. దాని పక్కనే ఉండే నాణ్యత హామీ విభాగం సంగతి వేరు. ఒక బ్యాచ్ మాత్రలు కరగాల్సిన వేగంతో కరగలేదు. ఎందుకు? పొడి తడి ఎక్కువైందా, ఒత్తిడి పెరిగిందా, పరీక్షే తప్పా? ఆ కారణం వెతికే పని మీకు నచ్చవచ్చు.

ఇక మీ సీనియర్లు ‘హాయైన ఉద్యోగం’ అన్న ఫార్మకోవిజిలెన్స్. గర్భిణులు వికారం తగ్గడానికి వేసుకున్న థాలిడొమైడ్ అనే మందు వల్ల వేలాది శిశువులు అవయవ లోపాలతో పుట్టారని 1961లో బయటపడిన తరువాతే, మందు బజారులోకి వచ్చాక కూడా దాన్ని కనిపెట్టుకుని ఉండాలన్న సంగతి ప్రపంచానికి తలకెక్కింది. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాలతో ఇందుకోసం కార్యక్రమం మొదలుపెట్టింది. పని చరిత్ర గొప్పదే. కొత్తగా చేరినవారి రోజు మాత్రం ఇలా ఉంటుంది: ఒక నివేదిక వస్తుంది. అందులో రోగి, తెలియజేసిన వ్యక్తి, అనుమానిత మందు, జరిగిన హాని, ఈ నాలుగూ ఉన్నాయో లేవో చూడాలి. హానిని నిర్ణీత పదజాలంలోకి మార్చాలి. తీవ్రమైనదైతే సాధారణంగా 15 రోజుల గడువు లోపల నియంత్రణ సంస్థకు పంపాలి. తరువాత ఇంకొకటి, ఆ తరువాత మరొకటి. కుర్చీ మెత్తగానే ఉంటుంది, గడియారం మాత్రం మెడ మీద ఉంటుంది. మీకు విసుగు తెప్పించేది ప్రయోగశాలా, లేక చేసిందే చేయడమా? రెండోదైతే ఇక్కడా అదే ఎదురవుతుంది. పైగా వివరాలు ఎక్కించే భాగాన్ని సాఫ్ట్‌వేర్ క్రమంగా తన చేతిలోకి తీసుకుంటోంది. వందల నివేదికలు కలిపి చూసి ‘ఇక్కడ ఏదో ఉంది’ అని పసిగట్టే స్థాయికి ఎదిగితేనే ఈ రంగంలో నిలదొక్కుకుంటారు. ఆ చూపు ఇచ్చేది వార్డులో గడిపిన కాలమే.

పరిశోధన గురించి తక్కువే చెబుతాను. కొత్త మందు ఒకటి ఆలోచన నుంచి రోగి దాకా రావడానికి పదేళ్లు, అంతకు మించి పడుతుంది. మధ్యలో రాలిపోయేవే ఎక్కువ. ప్రయోగం పదిసార్లు చేయడం అక్కడ శిక్ష కాదు, అదే వృత్తి. మీ గురువుగారు మీ మార్కులు చూసి చెప్పి ఉంటారు. రెగ్యులేటరీ విభాగం చదవడం, రాయడం ఇష్టమైనవారిది. ఒక మందు అనుమతి కోసం అయిదు భాగాల దస్త్రం తయారవుతుంది. అందులో ఒక అంకె మరో చోటి అంకెతో పొసగకపోతే పట్టుకోవడం ఆ పని. మార్కెటింగ్ మీరు అడగలేదు, నేనూ దాటవేస్తాను.

ఒక హెచ్చరిక. వార్డు నుంచీ, కర్మాగారం నుంచీ కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగానికి రావడం తేలిక. పరీక్షించిన చేతికి పరీక్ష నివేదికలో ఏది అనుమానించాలో తెలుసు కాబట్టి రెగ్యులేటరీ వారు సంతోషంగా తీసుకుంటారు. అయిదేళ్లు కంప్యూటర్ ముందు గడిపి, తిరిగి వార్డుకు వెళ్లడం చాలా కష్టం. అందుకే మొదటి రెండు మూడేళ్లు మందుకో, రోగికో దగ్గరగా ఉండమంటాను. ఎక్కడ పనిచేసినా మీ ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్‌ను మాత్రం చెల్లిపోనివ్వకండి.

మీ విషయంలో నా వరుస ఇది: ముందు క్లినికల్ ఫార్మసీ శిక్షణ, ఆసుపత్రి. అక్కడ ఇమడలేకపోతే మందుల భద్రతను బేరీజు వేసే పని. నాన్నగారి దుకాణం ఆలోచనను కొట్టిపారేయకండి. నలభై ఏళ్లప్పుడు కూడా పెట్టవచ్చు, అప్పటికి బల్ల వెనుక నిలబడే మనిషికి అనుభవం తోడవుతుంది. నిర్ణయించుకునే ముందు, ఈ సెలవుల్లో ఒక వారం ఆసుపత్రి ఫార్మసిస్టు వెంట, రెండు రోజులు మందుల దుకాణంలో, వీలైతే ఒక రోజు నాణ్యత విభాగంలో గడపండి. తరువాత నాకు మళ్లీ రాయండి. ఏది నచ్చిందని కాదు, ఎక్కడ ఎన్నిసార్లు గడియారం వైపు చూశారో రాయండి.