పాత గోడలు, కొత్త బీరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాడుబడ్డ భవనాల్లో నడిచే చిన్న బ్రూవరీలను చూసొచ్చినవాళ్లూ, అలాంటిదొకటి పెట్టాలనుకుంటున్నవాళ్లూ పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: చిన్న బ్రూవరీలు ఎక్కువగా మూతపడ్డ ఫ్యాక్టరీల్లో, గిడ్డంగుల్లో, రైలు వంతెనల కింద కనిపిస్తాయి. ఇది ఫ్యాషనా, అవసరమా?

జవాబు: ముందు అవసరమే, ఫ్యాషన్ తర్వాత అంటుకుంది. బీరు కాచడానికి బరువు మోసే గచ్చు, నాలుగైదు మీటర్ల ఎత్తు, త్రీ ఫేజ్ కరెంటు, ధారాళంగా నీళ్లు కావాలి. పాత ఫ్యాక్టరీలో ఇవన్నీ ముందే ఉంటాయి. పెచ్చులూడిన గోడలు చూసి మరొకరు ముందుకు రారు కాబట్టి అద్దె కూడా దిగుతుంది. జాక్ మెకాలిఫ్ 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో న్యూ ఆల్బియన్‌ను మొదలుపెట్టింది అద్దె గిడ్డంగిలోనే. పాత డెయిరీ సామాను, కోకాకోలా సిరప్ వచ్చే 55 గ్యాలన్ల స్టీలు డ్రమ్ములు, అదే ఆయన యంత్రాంగం. 1982లో అది మూతపడింది కానీ, పాత కొట్టంలో పాత సామానుతో బీరు చేయొచ్చని తర్వాతివాళ్లకు ధైర్యం వచ్చింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని బ్రౌవరై హెట్ ఐ 1985 నుంచి ఒక పాత స్నానశాలలో నడుస్తోంది. పిట్స్‌బర్గ్‌లో 1996లో తెరిచిన చర్చ్ బ్రూ వర్క్స్‌లో బీరు రసం మరిగించే రాగి కెటిళ్లు సరిగ్గా పాత చర్చి బలిపీఠం దగ్గర కొలువుదీరాయి. లండన్ బెర్మండ్సీలో 2009లో కెర్నల్ మొదలైంది రైలు కమాను కింద. మందపాటి ఇటుక కమాను వల్ల లోపలి వేడి పెద్దగా మారదు. కానీ పైనుంచి చుక్కలు కారుతుంటాయి. కమానుల్లో లోపలివైపు ముడతల రేకు బిగించి ఆ నీటిని పక్కలకు మళ్లించడం అందుకే. అలంకారం కోసమని కొందరు అనుకుంటారు, పాపం.

ప్రశ్న: బ్రస్సెల్స్‌లో ఒక పాత బ్రూవరీలో సాలెగూళ్లు దులపనే దులపరట. బూజు పట్టిన చోట బీరా? అది తాగొచ్చా?

జవాబు: మీరంటున్నది కాంటియోన్ అయివుంటుంది. 1900 నుంచి ఆండర్‌లెక్ట్‌లో ఉంది. తెలుగులో సాలెపురుగు అల్లినదాన్నీ బూజే అంటాం, చెమ్మకు గోడ మీద నల్లగా పట్టేదాన్నీ బూజే అంటాం. బ్రూవరీలో ఈ రెండింటికీ హస్తిమశకాంతరం ఉంది. మొదటిది కాపలా, రెండోది చీడ.

అక్కడ చేసే లాంబిక్ బీరుకు ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) కలపరు. సుమారు 65 పాళ్లు బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), 35 పాళ్లు మొలకెత్తించని గోధుమ వేసి తీసిన రసాన్ని గంటల తరబడి మరిగిస్తారు. బీరువాళ్లు ఈ రసాన్ని వోర్ట్ అంటారు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలను మూడేళ్ల దాకా నిల్వ ఉంచి వేస్తారు. వాటిలో చేదు చచ్చిపోయి, చెడ్డ బ్యాక్టీరియాను అదుపు చేసే గుణం మిగిలి ఉంటుంది. తర్వాత ఆ వేడి రసాన్ని అటక మీదున్న వెడల్పాటి లోతులేని రాగి తొట్టిలోకి ఎక్కించి, రాత్రంతా మూత లేకుండా వదిలేస్తారు. తెల్లారేసరికి 20 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. చల్లారే రసంలోకి గాలిలో ఉన్న సూక్ష్మజీవులు దిగుతాయి, తర్వాత చెక్క పీపాల్లో ఉన్నవి తోడవుతాయి. అక్టోబరు చివర్నుంచి ఏప్రిల్ లోపే ఈ పని. ఎండాకాలం రాత్రి తొట్టి చల్లారదు, గాలిలో పాడుచేసే క్రిములూ ఎక్కువ.

పీపాల్లో తీపి రసం ఒకటి నుంచి మూడేళ్లు ఊరుతుంటే పండు ఈగలు ఊరుకుంటాయా? ఒక ఈగ కాలికి అంటుకొచ్చే ఎసిటిక్ బ్యాక్టీరియా చాలు, పీపా వెనిగర్ కావడానికి. పురుగుమందు కొడితే బీరులో దిగుతుంది. సాలెపురుగు ఆ పని జీతం లేకుండా చేసిపెడుతుంది. కాబట్టి లాంబిక్ పీపాల గదిలో గూళ్లుంటే భయపడక్కర్లేదు. కానీ కొన్న ఈస్ట్ వేసి స్టీలు ట్యాంకుల్లో మామూలు ఏల్, లాగర్ రకాల బీరు చేసేచోట "మాదీ ఆ సంప్రదాయమే" అంటూ గూళ్లు చూపిస్తే, అది బద్ధకానికి పెట్టిన పేరు.

ప్రశ్న: ఓ పాత భవనంలోని బ్రూవరీలో ప్రతి గ్లాసూ తడిసిన అట్టపెట్టెలా, నేలమాళిగలా వాసన కొట్టింది. పక్కనున్నాయన తనకేం తెలియలేదన్నాడు. రెండో గుక్కకు నాకూ తెలియలేదు. భ్రమా?

జవాబు: భ్రమ కాదు. ఇదే ఆ రెండో రకం బూజు చేసే పని. తడి గోడ మీద, పాత చెక్క దూలాల మీద పెరిగే బూజుకు క్లోరిన్ తగిలిన ఫీనాల్స్ అనే రసాయనాలు దొరికితే, వాటిని క్లోరోఅనిసోల్స్ అనే కంపు పదార్థాలుగా మారుస్తుంది. వాటిలో ముఖ్యమైనదాన్ని టీసీఏ (ట్రైక్లోరోఅనిసోల్) అంటారు. వైన్ కార్కుకు వచ్చే కంపు ఇదే. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. అంతలోనే ముక్కు దాన్ని మరిచిపోతుంది కూడా. మీకు రెండో గుక్కకు పోయింది అందుకే. పట్టుకునే సామర్థ్యం మనిషి మనిషికీ తేడా, కాబట్టి మీ పక్కాయన అబద్ధం చెప్పినట్టు కాదు. నమ్మకంగా తేల్చుకోవాలంటే గ్లాసు మీద అరచెయ్యి మూసి, బయట గాలిలో పది నిమిషాలుండి, అప్పుడు చెయ్యి తీసి మొదటి పీల్పు చూడండి. ఆ ఒక్క పీల్పుకే విలువ.

దీనికి కారణం చాలాచోట్ల బ్లీచింగే. గోడకు బూజు పట్టిందని బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో కడుగుతారు. మంట ఆర్పడానికి కిరసనాయిలు పోసినట్టే. వాసన గాలిలోంచి మాల్ట్ బస్తాలకు, రబ్బరు గొట్టాలకు, గాస్కెట్లకు, ఫిల్టరు షీట్లకు పడుతుంది. గొట్టానికి పట్టాక ఎంత కడిగినా పోదు. మార్చాల్సిందే. చేయాల్సిన క్రమం ఇది: ముందు క్లోరిన్ ఉన్న ప్రతి డబ్బా బయటపెట్టాలి. గోడను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడగాలి. చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో కనుక్కుని ఆపాలి. గొట్టాలు, గాస్కెట్లు ఆఖర్న మార్చాలి, ముందే మారిస్తే కొత్తవాటికీ పడుతుంది. ట్యాంకుల లోపలికి క్లోరిన్‌తో పనే లేదు. 2 శాతం కాస్టిక్ సోడాను 70 డిగ్రీల వేడిలో అరగంట తిప్పి, నీళ్లతో కడిగి, కాచే ముందు క్రిములను చంపే పెరాసెటిక్ యాసిడ్ పట్టిస్తే చాలు.

కాస్టిక్ దగ్గర ఒక ప్రమాదం. పులిసిన ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది. దాన్ని బయటికి తరిమేయకుండా మూత బిగించి కాస్టిక్ తిప్పితే, కాస్టిక్ ఆ గ్యాస్‌ను తాగేస్తుంది. లోపల ఖాళీ ఏర్పడి, స్టీలు ట్యాంకు ఖాళీ డబ్బాను పిడికిట్లో నొక్కినట్టు లోపలికి సొట్టపోతుంది. కాస్టిక్ కూడా సోడియం కార్బనేట్ అయిపోయి సత్తువ లేకుండా పోతుంది. పై మూత తెరిచి, గాలి బాగా ఆడించాకే కడగాలి.

ప్రశ్న: ఉడికించిన మొక్కజొన్న వాసన?

జవాబు: అది డీఎంఎస్, అంటే డైమిథైల్ సల్ఫైడ్. లేత రంగు మాల్ట్‌లో ఉండే ఒక పదార్థం వేడికి విడిపోయి ఇది పుడుతుంది. మరుగుతున్నంతసేపూ ఆవిరితో పోతుంది. మూలపదార్థం సుమారు 38 నిమిషాలకోసారి సగమవుతుంది కాబట్టి 60 నిమిషాలు మరిగిస్తే మూడో వంతు, 90 నిమిషాలకు ఐదో వంతు మిగులుతుంది. పాత భవనంలో తప్పు సాధారణంగా పొగగొట్టంలో ఉంటుంది. పైకప్పుకు కన్నం పెట్టనివ్వరని గొట్టాన్ని అడ్డంగా తిప్పి కిటికీలోంచి బయటికి లాగుతారు. ఆవిరి మలుపులో చల్లబడి, నీళ్లై, ఆ డీఎంఎస్‌తో సహా కెటిల్లోకే కారుతుంది. 1000 లీటర్లు కాచేచోట గంటకు 60 నుంచి 80 లీటర్లు ఆవిరవుతాయి, కారేది తక్కువేం కాదు. గొట్టం అడుగున లోపలివైపు చిన్న గట్టు కాలువ వెల్డ్ చేయించి, ఆ నీటిని పక్క పైపుతో బయటికి వదిలితే సమస్య తీరుతుంది. మంట ఆర్పాక రసాన్ని గంటలకొద్దీ వేడిగా ఉంచినా ఇదే వాసన.

ప్రశ్న: మూతపడిన ఓ మిల్లులో మొదటి అంతస్తు దొరికింది. 1000 లీటర్ల ట్యాంకులు నాలుగు పెట్టాలని ఆలోచన. ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ట్యాంకుల ధర తర్వాత, ముందు స్లాబు. 1000 లీటర్ల బీరు, నురగకు వదిలే పైభాగంతో కలిపి స్టీలు ట్యాంకు, మొత్తం దాదాపు 1.3 నుంచి 1.4 టన్నులు. అదంతా ఒక చదరపు మీటరు జాగాలో, నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. ఒక్కో కాలి మీద 350 కిలోల వరకు. ఆఫీసుల కోసం వేసిన స్లాబులు చదరపు మీటరుకు సాధారణంగా 250 నుంచి 400 కిలోలకు లెక్కగట్టినవి. మిల్లు స్లాబు ఎక్కువే మోయొచ్చు, కానీ యాభై ఏళ్లు కారిన నీళ్లకు లోపలి ఇనుము తుప్పు పట్టిందో లేదో కింద నిలబడి పైకి చూస్తే కొంత తెలుస్తుంది. తుప్పు మరకలు, ఊడిన పెచ్చులు, దూలం పొడవునా పగుళ్లు ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం మీద సంతకం పెట్టేదాకా ఒక్క ట్యాంకూ ఎక్కించొద్దు. ఎక్కించినా పిల్లర్ల పక్కన, దూలాల మీదుగా పెట్టండి, స్లాబు నడిమధ్య కాదు. మా సలహా అడిగితే కింది అంతస్తుకే బేరమాడండి.

తర్వాత గచ్చు. లీటరు బీరుకు చిన్నచోట్ల 5 నుంచి 8 లీటర్ల నీళ్లు పడతాయి. బీరులోకి వెళ్లేది పోను, మిగతాదంతా గచ్చు మీదుగా డ్రైనులోకే. మీటరుకు 2 సెంటీమీటర్ల వాటం ఉండాలి. బంతి వదిలి చూడటం కాదు, బకెట్ నీళ్లు పోసి పది నిమిషాల తర్వాత ఎక్కడ నిలిచిందో సుద్దముక్కతో గీయండి. ఆ గీతల్లోనే రేపు ఈగలు గుడ్లు పెడతాయి. బీరు పుల్లనిది, పీహెచ్ 4.2 నుంచి 4.5 మధ్య. వట్టి సిమెంటును ఏడాది తిరిగేసరికి తినేసి కంకర బయటపెడుతుంది. చాలామంది చవకని ఎపాక్సీ పూస్తారు. 80 డిగ్రీల నీళ్లు పడగానే ఎపాక్సీ ఒకలా, కింది కాంక్రీటు ఒకలా సాగి, పొర లేచిపోతుంది. పొర కిందికి బీరు దూరాక ఆ పుల్లకంపును వదిలించడం ఎవరి తరమూ కాదు. పాలీయురెథేన్ సిమెంటును 6 నుంచి 9 మిల్లీమీటర్ల మందాన వేయించండి.

ప్రశ్న: నేలమాళిగలో పులియబెడుతున్నాం. కొవ్వొత్తి వెలుగుతుంటే గాలి బాగున్నట్టేనని పెద్దవాళ్లు చెప్పారు. నిజమేనా?

జవాబు: ఆ మాట నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోకండి. లెక్క చూడండి. 5 శాతం ఆల్కహాలు బీరు 1000 లీటర్లు తయారైతే దాదాపు 38 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. గది వేడిలో అది సుమారు 20 ఘనమీటర్లు. అంటే 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పున్న గదిలో నడుము ఎత్తు నిండేంత. ఇందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి నేల పట్టుకుని ఉంటుంది, నేలమాళిగలోంచి తనంతట తాను మెట్లెక్కి పోదు.

ఎనిమిది గంటల పనికి 5000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 5000 పాళ్లు, హద్దు. 40,000 దగ్గర, అంటే గాలిలో 4 శాతానికే, ప్రాణహాని మొదలైనట్టు లెక్క. కొవ్వొత్తి అక్కడా నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. ట్యాంకు గ్యాస్ గొట్టాన్ని బకెట్‌లో ముంచి వదిలేయకుండా పైపుతో భవనం బయటికి తీసుకెళ్లండి. గాలి లాగే ఫ్యాను నోరు నేల దగ్గరుండాలి, పైకప్పు దగ్గర కాదు. అలారం నేలకు 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఒకటి, రీడింగు మెట్లపైనే కనిపించేలా ఇంకొకటి. ఎవరైనా కింద పడిపోయి కనిపిస్తే వెంటనే దిగొద్దు. దిగిన రెండోవాడు కూడా పక్కనే పడిపోతాడు. ముందు ఫ్యాను వేసి, ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

ప్రశ్న: చూడటానికి వెళ్లినప్పుడు శుభ్రత ఎలా అంచనా వేయాలి?

జవాబు: గోడలు వదిలేసి గొట్టాలు చూడండి. వాడని గొట్టం రెండు చివర్లూ కిందికి ఉండేలా వేలాడుతోందా, చుట్టచుట్టి తడి నేల మీద పడి ఉందా? చుట్టలో నిలిచిన నీళ్లే రేపటి బీరు పులుపు. మాల్ట్ బస్తాలు నేలకు జానెడు ఎత్తున ఉండాలి. ట్యాపుల లైన్లు ఎన్నాళ్లకోసారి కడుగుతారని అడగండి. పద్నాలుగు రోజులని తడుముకోకుండా చెప్పినచోట ధైర్యంగా తాగొచ్చు. "అవసరమైనప్పుడు" అంటే సీసా బీరు అడగండి.

ప్రశ్న: ట్యాపు నుంచి గాజు జాడీలో పట్టించుకున్న బీరు ఎన్నాళ్లుంటుంది?

జవాబు: 4 డిగ్రీల చలిలో, మూత తీయకుండా మూడు రోజులు. తీశాక మర్నాటికల్లా ముగించాలి. జాడీ అడుగు దాకా గొట్టం దించి పట్టమనండి, పైనుంచి పోస్తే గాలి కలిసి రెండో రోజుకే అట్ట రుచి వస్తుంది. మెడ దగ్గర కాస్త ఖాళీ ఉండాలి. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలొద్దు. చలిలో ఉన్న ఒత్తిడి 30 డిగ్రీలకు వచ్చేసరికి మూడు రెట్లవుతుంది, అంచుదాకా నింపిన జాడీ అయితే పగలొచ్చు. వెలుతురు తగిలే గాజు లేతరంగుదైతే, నిమిషాల్లోనే స్కంక్ అనే జంతువు చిమ్మే కంపులాంటి ఘాటు ఎక్కుతుంది. గోధుమరంగు గాజు జాడీ అడిగి తీసుకోండి.