బస్తా అంటే ఎన్ని కిలోలు?

ప్రశ్న: మా మావయ్యది జీడిపప్పు వ్యాపారం. ఆయన కోసం స్టాక్ చూసే ప్రోగ్రాం రాశాను. ఈమధ్య దానికి ఏఐ ఏజెంట్‌ని, అంటే మాట చెబితే ప్రోగ్రాంలో పని తానే చేసిపెట్టే ఏఐని, తగిలించాను. ‘ఇరవై బస్తాల పిక్కలొచ్చాయి, రాసెయ్’ అంటే ఇరవై కిలోలు రాసింది. ‘అన్నిటికన్నా పెద్ద పప్పు ఎంతుంది?’ అంటే 320 రకం లెక్క చెప్పింది. నలభై పేజీల మాన్యువల్ ఇచ్చినా ఇదే వరస. ‘దీనికన్నా మన గుమస్తా నయం’ అంటున్నాడు మావయ్య. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: మీ మావయ్య మాట నిజమే బాబూ. గుమస్తా ఆ ఊళ్లోనే పెరిగాడు. పిక్కల బస్తా అంటే 80 కిలోలని అతనికి వేరే చెప్పక్కర్లేదు. మీ ఏజెంట్ కాశీబుగ్గ ఎప్పుడూ చూడలేదు. మీ ప్రోగ్రాం లోపలి కోడ్ కూడా దానికి కనబడదు. కనబడేది టూల్ (మీ ప్రోగ్రాంలో అది వాడుకోగల ఒక్కో పని) పేరు, వివరణ, నింపాల్సిన గడులు, అంతే. ఏజెంట్లకి టూల్స్ తగిలించడానికి 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ అనే ఉమ్మడి పద్ధతిలోనూ టూల్ దాని ముందుకు ఇలాగే వెళ్తుంది.

మీరు పంపిన కాగితంలో టూల్ పేరు ‘ఎంట్రీ’. వివరణ ‘సరుకు నమోదు చేస్తుంది’. గడులు ‘పరిమాణం’, ‘సైజు’. ఇది చూసి నేనైనా ఇరవై అనే రాసేవాణ్ని. నేనైతే ఇలా మారుస్తాను. (ప్రోగ్రాంలో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి.)

‘పిక్కలు_జమ: గోడౌన్‌కి వచ్చిన పచ్చి జీడిపిక్కల్ని స్టాకులో కలుపుతుంది. పప్పుకి వాడొద్దు, దానికి పప్పు_జమ ఉంది. బస్తాలు: ఎన్ని బస్తాలో ఆ అంకె. బస్తాకి 80 కిలోల లెక్క ప్రోగ్రామే వేస్తుంది. విడి తూకం చెబితే బస్తాలు ఖాళీగా వదిలి, కిలోలు గడి నింపాలి. రెండూ చెప్పకపోతే అడగాలి, ఊహించకూడదు.’

గుణకారం కూడా ఏజెంట్‌కి వదల్లేదు, గమనించారా? ప్రోగ్రాం చేయగలిగిన లెక్కని వివరణలో రాసి దాని నెత్తిన పెట్టడం ఎందుకు?

ఇక 320 సంగతి. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క అది. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. 180 పెద్దది, 320 చిన్నది. మీరు ‘సైజు: 320’ అని పెడితే పెద్ద అంకె పెద్ద పప్పే అనుకుంటుంది ఏజెంట్. ఆ గడికి ‘గ్రేడు’ అని పేరు పెట్టి, ‘అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది’ అనే ఒక్క వాక్యం పక్కన రాయండి. ఏయే గ్రేడులు ఉన్నాయో కూడా అక్కడే ఇచ్చేస్తే కొత్తవి పుట్టించదు.

నేనూ తిన్నాను దెబ్బ. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక బట్టల కొట్టుకి బాకీలు గుర్తుచేసే టూల్ రాసిచ్చాను. ‘గడువు’ అని రాసి ఊరుకున్నాను. 05/06 అంటే మనకి జూన్ 5. ఏజెంట్ మే 6 అనుకుంది. ఇంకా నెల గడువున్న మనిషికి ‘బాకీ దాటిపోయింది’ అని మెసేజ్ వెళ్లింది. ఆయన గజపతినగరం నుంచి బస్సెక్కి వచ్చి, కొట్టు నిండా జనం ఉండగా అడిగాడు. యజమాని ముందు నా టెన్షన్ చెప్పలేను. అప్పట్నుంచి తేదీ గడి పక్కన ‘ఏడాది-నెల-రోజు, ఉదాహరణకి 2025-06-05’ అని రాయకుండా ఏ టూలూ బయటికి పంపలేదు.

ఎర్రర్ మెసేజ్‌లూ వివరణలో భాగమే. ‘తప్పు 400’ అంటే దానికేం తెలుస్తుంది? మళ్లీ అదే పంపుతుంది. ‘బస్తాలు గడిలో అంకె కావాలి, ఇరవై అనే మాట వచ్చింది’ అంటే దిద్దుకుని 20 అని పంపుతుంది.

నలభై పేజీల మాన్యువల్ మాత్రం ఇవ్వకండి. అందులో పది పేజీలు బటన్ల ఫొటోలే. దాని పని బటన్లతో కాదు కదా.

‘స్టాక్_తీసివేత’ టూల్‌కి ‘యజమానిని అడిగాకే వాడాలి’ అని రాశారు. ఆ రాతని నమ్ముకోవద్దు. మావయ్య ఫోన్‌లో ఒప్పుకుంటే తప్ప కదలకుండా ప్రోగ్రాంలోనే తాళం వేయండి.

ఇవన్నీ రాసే ముందు ఒక పూట కాటా దగ్గర ఆ గుమస్తా పక్కన కూర్చోండి. తడిసిన బస్తా వస్తే ఎంత తగ్గిస్తాడో, బద్దలు ఏ లెక్కలో వేస్తాడో అడిగి రాసుకోండి. టీ మీరే ఇప్పించండి.