480 జీబీ కామిక్స్‌కి లక్షా డెబ్బై వేల లోనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. చేతికి 68 వేలు వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, బైక్ ఈఎంఐ కలిపి 53,200 పోతుంది. మిగిలిన 14,800లో 5 వేలు సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి). సేవింగ్స్‌లో 41 వేలున్నాయి. నాన్న బైండ్ చేయించి దాచిన పాత చందమామల స్కాన్లు, నేను కొన్న డిజిటల్ కామిక్స్ కలిపి 480 జీబీ. పాత ల్యాప్‌టాప్‌లో కోమ్‌గా అనే కామిక్స్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఫోన్‌లో, ట్యాబ్‌లో చదువుతున్నాను. ట్యాబ్ నెమ్మదిగా ఉంది, డిస్క్ పోతే లైబ్రరీ మొత్తం పోతుందని భయం. నాలుగు 4 టీబీ డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే బాక్స్), కొత్త ట్యాబ్, ఈ-ఇంక్ రీడర్ (కాగితంలా కనిపించే తెర ఉన్న చదివే పరికరం) కలిపి 1,70,000 అవుతుంది. బ్యాంక్ యాప్‌లో ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఉంది: 16 శాతం వడ్డీ, 24 నెలలు, ఈఎంఐ 8,300 చిల్లర. హాయిగా కట్టగలను. తీసుకోవచ్చా సార్?

జవాబు: వద్దండీ.

చాలా ఉత్తరాల్లో మీదే ఎందుకు తీసుకున్నానంటే, ఇదే లెక్క నాకు నెలకు పది రూపాల్లో వస్తుంది. ఒకరికి కెమెరా, ఒకరికి గేమింగ్ పీసీ, ఇంకొకరికి సైకిల్. 'నెలకు ఇంత మిగులుతోంది, ఈఎంఐ అందులో పడుతోంది, కాబట్టి కొనగలను' అంటారు. కొనగలిగితే 41 వేలలోంచి కొనాలి కదా? అందులోంచి కొనలేరు కాబట్టే బ్యాంక్ యాప్ తెరిచారు. ఆ ప్రీ-అప్రూవ్డ్ అనే మాట మీ మీద నమ్మకంతో పెట్టింది కాదు, అమ్మకం కోసం పెట్టిన బోర్డు.

ఈ లోన్ మీద రెండేళ్లలో వడ్డీ దాదాపు 29,800 కడతారు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే, దాని మీద జీఎస్టీతో ఇంకో 4 వేలు. అంటే సుమారు 34 వేలు అదనంగా. సిప్, ఈఎంఐ పోను నెలకు మీ చేతిలో మిగిలేది 1,476. పండక్కి ఊరెళ్లి రావడానికి, బైక్ టైరు మార్చడానికి, అమ్మకు కంటి పరీక్ష చేయించడానికి, అన్నిటికీ అదే. అది సరిపోని నెలలో క్రెడిట్ కార్డు బయటికొస్తుంది, కార్డు బాకీ మిగిల్చితే నెలకు దాదాపు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. మనుషులు ఇలాగే ఇరుక్కుంటారు, ఎవరూ పెద్ద తప్పు చేసి ఇరుక్కోరు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది. డిస్క్ పోతే లైబ్రరీ పోతుందని భయపడి ఒకటి పోయినా మిగతావి కాపాడేలా నాలుగు డిస్కులు ప్లాన్ చేశారు. మరి ఒక నెల జీతం పోతే? నెల ఖర్చు 53,200, బ్యాంకులో 41 వేలు. నెల కూడా గడవదు. మీ రంగంలో ఉద్యోగాలు ఎలా పోతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఒక్క మెయిల్ చాలు. జీతం ఆగినా ఈ 8,300 ఆగదు, అదొక్కటే తేడా.

కాబట్టి ముందు ఎమర్జెన్సీ ఫండ్, అంటే జీతం ఆగితే కనీసం మూడు నెలలు గడిచేంత డబ్బు. సిప్ కూడా ఆపండి, ఎనిమిది నెలలు ఆపితే కొంపలేం మునగవు. మొత్తం 14,800 పక్కన పెడితే ఎనిమిది నెలలకు 1,18,400, ఉన్న 41 వేలతో 1,59,400. మూడు నెలల ఖర్చుకి రెండొందలు తక్కువ, ఆ రెండొందలు మీరే సర్దుకోండి. ఇది జీతం పడే ఖాతాలో వద్దు, వేరే బ్యాంకులో స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (కావాల్సినప్పుడు డబ్బు తిరిగి ఖాతాలోకి వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్) పెట్టండి. ఆ తర్వాత సిప్ మళ్లీ మొదలుపెట్టి, మిగిలే 9,800లో 7 వేలు ఆరు నెలల ఫండ్ నిండేదాకా ఇటే వేయండి, 2,800 ట్యాబ్ కోసం దాచుకోండి. పది నెలల్లో 28 వేలు. అవును, టైం పడుతుంది.

ఇన్సూరెన్స్ ఊసే ఎత్తలేదు మీరు. కంపెనీ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒక హెల్త్ పాలసీ తీసుకోండి, అమ్మానాన్నలకు విడిగా చూడండి. నో-కాస్ట్ ఈఎంఐ గురించి అడుగుతారేమో, అదీ అప్పే.

ఇక కామిక్స్. నాకూ ఈ పిచ్చి ఉంది కాబట్టి చెప్తున్నాను. నాలుగు 4 టీబీ డిస్కుల్లో ఒక డిస్క్ అంత చోటు రక్షణకి పోయినా 12 టీబీ మిగులుతుంది. మీ 480 జీబీ అందులో నాలుగు శాతం! పైగా నాస్‌లో ఒక డిస్క్ పోతే నిలబడొచ్చేమో గానీ, పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోనూ పోతుంది, పిడుగు పడి బాక్స్ కాలితే అంతే సంగతులు. బ్యాకప్ అంటే వేరే చోట ఉన్న కాపీ. ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ డబ్బిచ్చి కొని, కాపీ చేసి, ఊళ్లో నాన్నగారి బీరువాలో పెట్టండి. ఆ చందమామలు ఆయనవే కదా.

సర్వర్‌గా పాత ల్యాప్‌టాప్ చాలు. 20 వాట్లు తీసుకున్నా రోజంతా నడిస్తే నెలకు 15 యూనిట్ల లోపే. కోమ్‌గా ఉచితం, ఫోన్‌లో ఆపిన పేజీ దగ్గరే ట్యాబ్‌లో తెరుస్తుంది, ఇంతకంటే నాస్ కొత్తగా చేసేదేం లేదు. ట్యాబ్ నెమ్మది అంటున్నారు, ఒకసారి మీ స్కాన్ పేజీల సైజు చూడండి. పేజీకి ఐదారు ఎంబీ ఉంటే ఏ పాత ట్యాబైనా రొప్పుతుంది. సీబీజెడ్ అనే కామిక్స్ ఫైలంటే పేజీల బొమ్మల్ని జిప్ చేసి పేరు మార్చిందే, కాబట్టి విప్పి, బొమ్మల సైజు తగ్గించి, మళ్లీ జిప్ చేసి ట్యాబ్ కోసం విడిగా ఒక లైబ్రరీ పెట్టుకోండి. ఒరిజినల్స్ ముట్టుకోవద్దు. ఒక ఆదివారం పని, సగం ఇబ్బంది తీరొచ్చు.

ఈ-ఇంక్ రీడర్ సంగతి. ఎక్కువ భాగం నలుపు తెలుపే, చందమామ రంగు బొమ్మలు అందులో బూడిద రంగులో కనిపిస్తాయి. కొనే ముందు ఎవరైనా ఫ్రెండ్ దగ్గర వారం రోజులు అప్పు తీసుకుని చదివి చూడండి. ఆ అప్పుకి మాత్రం నాకు అభ్యంతరం లేదు.