షుగర్ వచ్చిందని అన్నం పూర్తిగా మానేయాలా?
బెంగళూరులో ఉంటున్న మీకు టైప్ 2 మధుమేహం కొత్తగా బయటపడిందనీ, అన్నం మానేసి రాగి సంకటికి మారాలా అనీ అడిగారు. అన్నం మానవలసిన పని లేదు, కొలత తగ్గించాలి. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక, దానిని అరకప్పుకు దించి, ముందుగా కూర, పప్పు తిని ఆ తరువాత అన్నం కలుపుకుంటే రక్తంలో చక్కెర అంత వేగంగా పెరగదు. రాగిలో పీచు ఎక్కువే అయినా అదీ ధాన్యమే. పెద్ద ముద్ద తిన్నా, మెత్తని పిండితో కాచిన జావ గ్లాసెడు తాగినా చక్కెర పెరుగుతుంది, ఎందరో మోసపోయేది ఇక్కడే. దర్శినిలో (బెంగళూరులోని చిన్న టిఫిన్ హోటల్లో) ఇడ్లీ తిన్న రోజున, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోండి. సాధారణంగా 180 mg/dL లోపు ఉండాలి. చక్కెరను తగ్గించే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే మాత్రం, డాక్టరుగారిని అడగకుండా పిండిపదార్థాలను ఒక్కసారిగా తగ్గించకండి, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.