హాల్లో పొగ అలారానికి కట్టిన కవరు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫోటోలు నిన్న చూశాం. కొత్త కర్టెన్లు చూసి మీ పెద్దమ్మ మురిసిపోయింది. నా చూపు మాత్రం హాలు సీలింగ్ మీదే ఆగిపోయింది. గృహప్రవేశం రోజు హోమం పొగకి అలారం మోగుతుంటే ఎవరో స్టూలెక్కి దానికి పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశారు గుర్తుందా? మూడు నెలలైంది. ఆ కవరు ఇంకా అలాగే ఉంది.

ఉత్తరం పక్కన పెట్టి ముందు అది తీసెయ్. మిగతాది తర్వాత చదువుదువుగాని.

ముప్పై ఏళ్లు ఈ అలారాలు బిగించి, సర్వీసు చేసి బతికినవాణ్ణి. చెడిపోయిన వాటికంటే ఇలా మనుషులే నోరు కట్టేసినవి ఎక్కువ చూశాను. పోపు ఘాటుకి మోగిందని బ్యాటరీ పీకేసినవాళ్లు, రంగులు వేసేటప్పుడు తొడిగిన ప్లాస్టిక్ మూతని ఏళ్ల తరబడి తీయనివాళ్లు ఎందరో. ఊరికే మోగుతోందంటే అది పెట్టిన చోటు సరిగ్గా లేదని, లేకపోతే లోపల శుభ్రం చెయ్యాలని అర్థం. ఆ రెండూ సరిచేసుకోవచ్చు. మోగకుండా చేసుకోవడం మాత్రం వద్దు తల్లీ.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. లోపల చిన్న చీకటి గది ఉంటుంది. ఒక వైపు బుల్లి లైటు, ఇంకో వైపు దాని వెలుతురు నేరుగా పడకుండా పెట్టిన ఒక కన్ను. పొగ లోపలికి దూరితే ఆ వెలుతురు పొగ రేణువుల మీద పడి చెదిరి కంటికి తగులుతుంది, వెంటనే అలారం మోగుతుంది. దుమ్ము చేరినా, పురుగు దూరినా జరిగేది అదే. ఒకసారి కూకట్‌పల్లిలో ఒకరింట్లో రాత్రి రెండింటికి ఊరికే కూస్తోందని పిలిస్తే వెళ్లి విప్పాను. లోపల గోరంత సాలెగూడు, అందులో చిక్కుకుని ఒక రెక్కల పురుగు. మెత్తటి బ్రష్షుతో రెండు నిమిషాలు తుడిచేసరికి సరిపోయింది. అప్పటికే ఆ ఇంట్లో వాళ్లు వారం నుంచి నిద్రలేక, దాన్ని పీకి పారేద్దామన్న దాకా వచ్చారు.

అందుకే మూడు నెలలకోసారి వాక్యూమ్ క్లీనర్ గొట్టం దాని చుట్టూ ఉన్న సందుల దగ్గర పెట్టి దుమ్ము లాగెయ్. తడిబట్ట వాడొద్దు. కరెంటు బిల్లు వచ్చిన రోజల్లా టెస్ట్ బటన్ నొక్కి చూడు, అలా పెట్టుకుంటే మర్చిపోవు. నొక్కే ముందు మీ అత్తగారికి చెప్పు, పెద్దావిడ ఉలిక్కిపడతారు. అగరబత్తి పొగ పట్టి పరీక్షించకు, జిడ్డు లోపల పేరుకుపోతుంది. నిమిషానికోసారి చిన్నగా కీచుమంటే బ్యాటరీ అయిపోవచ్చిందని. రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే మార్చు. వెనక తయారైన తేదీ ఉంటుంది. అక్కణ్ణుంచి పదేళ్లు దాటితే ఎంత బాగా మోగుతున్నా కొత్తది పెట్టాల్సిందే.

ఇక చోటు సంగతి. మీ హాల్లోది పూజగది గుమ్మానికి మరీ దగ్గరగా ఉంది. శుక్రవారం సాంబ్రాణి వేసినప్పుడల్లా అది మోగుతుంది, మోగినప్పుడల్లా ఎవరో ఒకరు కవరు తొడుగుతారు. అత్తగారిని సాంబ్రాణి మానమనకు, అలారాన్ని జరుపుదాం. పడకగదుల బయట నడవాలో పెడితే రాత్రి నిద్రలో అందరికీ వినబడుతుంది. ఫ్యాను గాలి, ఏసీ గాలి తగిలే చోట పెడితే పొగ దాని దాకా రాకుండానే చెదిరిపోతుంది. వంటింట్లో పొగని పట్టేది వద్దే వద్దు. అక్కడ వేడిని పట్టే హీట్ డిటెక్టర్ పెట్టాలి. మామూలుగా దొరికేవి 57 డిగ్రీల దగ్గర మోగుతాయి. వడియాలు వేయించుకో, మిరపకాయలు వేయించుకో, పట్టించుకోదు.

గ్యాస్ డిటెక్టర్ కూడా కొన్నారని విన్నాను, సంతోషం. సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. మీ అపార్ట్‌మెంటుకి త్వరలో పైపు గ్యాసు వస్తుందన్నావు కదా, అది గాలికంటే తేలిక, పైకి పోతుంది. ఆ కనెక్షన్ తీసుకున్న రోజు డిటెక్టర్‌ని సీలింగ్ దగ్గరికి మార్చాలి. అది పైపు గ్యాసుని కూడా పట్టేదేనా అని డబ్బా మీద చూడు, కాకపోతే వేరేది కొనాలి. ఎప్పుడైనా అది మోగినా, వాసన వచ్చినా స్విచ్చు వేయొద్దు, ఆపొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వద్దు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీసి, అందరినీ బయటికి తీసుకెళ్లి అప్పుడు ఫోన్ చెయ్. సిలిండర్ లీకుకి 1906, మంటలకి 101.

దొంగల అలారం గురించి నా ఇంట్లో జరిగిందే చెప్తాను. ఒక సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి వెనక తలుపు గడియ విరిచి ఉంది. సైరన్ మోగింది, దొంగ పారిపోయాడు, ఏమీ పోలేదు. కానీ నా ఫోన్‌కి కాల్ రాలేదు. చూస్తే అలారం బాక్సులో సిమ్ రీచార్జి అయిపోయి నెలన్నర. ఊరందరికీ చెప్పేవాణ్ణి, నా ఇంట్లో సిమ్ సంగతే చూసుకోలేదని చాలా బాధపడ్డాను. నువ్వు మీ అలారం బాక్సులోని సిమ్‌కి ఏడాది ప్లాన్ వేయించి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. ఊరెళ్లే ముందు రోజు అలారం ఆన్ చేసి, తలుపు తీసి, నీకూ అల్లుడుగారికీ కాల్ వస్తోందో లేదో చూడండి. తలుపు చెక్క వానాకాలం ఉబ్బితే తలుపుకి బిగించిన అయస్కాంతానికీ పక్కనే ఉండే సెన్సార్‌కీ మధ్య దూరం పెరిగి ఊరికే మోగుతుంది. అప్పుడు సెన్సార్‌ని కాస్త దగ్గరికి జరిపితే చాలు. బాక్సులో ఒక బ్యాటరీ ఉంటుంది, మూడు నాలుగేళ్లకి నీరసిస్తుంది. మెయిన్ ఆపి గంటసేపు చూడు, బాక్సు ఆరిపోతే బ్యాటరీ మార్చాలి. కెమెరాకి బిగించినవాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ ఉంటే ఇవాళే మార్చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. అలారం లేపుతుంది, అంతే. లేచాక బయటికి దారి ఉండాలి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి. ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. మీ బాల్కనీ గ్రిల్లుకి తాళం వేస్తున్నారు, తాళంచెవి అల్లుడుగారి బ్యాగులో ఉంటుందని మాటల్లో చెప్పావు. వద్దమ్మా. గ్రిల్లు పక్కనే, బయటివాళ్ల చెయ్యి అందని చోట మేకు కొట్టి దానికి తగిలించండి. పెద్దావిడకీ పిల్లాడికీ కూడా ఆ చోటు తెలియాలి. రాత్రి లైట్లు ఆపి, పిల్లాణ్ణి వంగి నడుస్తూ పడకగది నుంచి మెయిన్ డోర్ దాకా రమ్మను. పొగ పైన చేరుతుంది, ఊపిరాడే గాలి కింద ఉంటుంది. వాడికి ఆటలా ఉంటుంది, దారి మాత్రం గుర్తుండిపోతుంది.

స్కూటర్ బ్యాటరీ పైకి తెచ్చి మెయిన్ డోర్ పక్కనే రాత్రంతా చార్జింగ్ పెడుతున్నారట. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్న చోట అంటుకున్న మంటల పొగ పైనున్న హోటల్లోకి కమ్మి 8 మంది పోయారు. ఆ బ్యాటరీ అంటుకుందంటే మీరు బయటికి వెళ్లే దారిలోనే మంట ఉంటుంది. పగలు, మీరు మెలకువగా ఉన్నప్పుడు, గుమ్మానికీ పరుపులకీ దూరంగా పెట్టుకోండి. అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

వచ్చే నెల పదో తేదీ తర్వాత నేనూ పెద్దమ్మా వస్తున్నాం. హీట్ డిటెక్టర్, డ్రిల్లింగ్ మెషిన్ నేనే తెస్తాను, హాల్లోది నడవాలోకి మారుద్దాం. పొడవాటి నిచ్చెన వాచ్‌మన్ దగ్గర ఉందేమో కనుక్కో. కవరు తీసిన ఫోటో మాత్రం ఈ రాత్రికే పంపు.

మీ పెదనాన్న