క్యాన్ కూరగాయలా, ఉడికించిన పప్పులా? ఏది మేలు?

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నారు, కూరగాయలు తరిగే తీరిక లేక క్యాన్లలో వచ్చే గ్రీన్ బీన్స్, బఠాణీ, కార్న్ వాడుతున్నారు. మీ రూమ్మేటేమో అవి దండగ, శుభ్రంగా శనగలో పప్పో ఉడకేసుకో అంటున్నాడు. పోషకాల లెక్కలో ఎవరిది రైటు అని మీ ప్రశ్న. నేను డైటీషియన్‌ని కాదు గానీ, డల్లాస్‌లో ఏళ్ల తరబడి ఆఫీసు నుంచి వచ్చాక వంట మొదలుపెట్టే మనిషిని. ఈ లెక్కలన్నీ నా అవసరం కొద్దీ చూసుకున్నవే.

ప్రొటీన్ సంగతైతే మీ రూమ్మేట్‌దే రైటు, అందులో వాదనకు చోటు లేదు. 100 గ్రాముల ఉడికిన కాబూలీ శనగల్లో ప్రొటీన్ దాదాపు 9 గ్రాములు, పీచు ఏడున్నర గ్రాములు. అంతే బరువు క్యాన్ గ్రీన్ బీన్స్‌లో ప్రొటీన్ 1 గ్రాము, పీచు 2 గ్రాములు ఉంటే గొప్ప. ఐరన్, ఫోలేట్ అనే బి విటమిన్ కూడా శనగల్లోనే బాగా ఎక్కువ. అయితే ఇది డబ్బా చేసిన పాపం కాదు. అప్పుడే కోసుకొచ్చిన బీన్స్‌లోనూ ప్రొటీన్ 2 గ్రాములు దాటదు. బఠాణీ కాస్త నయం, క్యాన్‌లో వచ్చినా 4 గ్రాముల పైన ఉంటుంది, అదీ పప్పుజాతి గింజే కదా.

అలాగని పప్పు ఒక్కటే తింటే సరిపోతుందా అంటే, పోదు. ఉడికిన శనగల్లో, కందిపప్పులో విటమిన్ ఎ, సి నామమాత్రం. క్యాన్‌లో వచ్చే క్యారెట్, గుమ్మడికాయ గుజ్జుల్లో, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ బాగానే నిలుస్తుంది. టమాటాలైతే వేడి తగిలాక వాటికి ఎరుపునిచ్చే లైకోపీన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. క్యానింగ్‌లో నిజంగా దెబ్బతినేది విటమిన్ సి, కొన్ని బి విటమిన్లు. కొంత వేడికి పోతాయి, కొంత నీళ్లలోకి దిగిపోతాయి. మనం బీన్స్ ఉడికించి నీళ్లు వార్చేసినప్పుడూ జరిగేది అదే.

నన్నడిగితే క్యాన్‌తో అసలు తంటా ఉప్పు. ఒకసారి మీ కిచెన్‌లో ఉన్న డబ్బా తిప్పి చూడండి. మామూలు గ్రీన్ బీన్స్ క్యాన్ మీద సోడియం 380 మిల్లీగ్రాములు అని ఉంటుంది, ఫర్వాలేదే అనిపిస్తుంది. దాని పైన సర్వింగ్ అంటే అర కప్పు, డబ్బాలో మూడున్నర సర్వింగులు అని ఉంటుంది. నీళ్లతో సహా డబ్బా మొత్తం గిన్నెలో వంపేస్తే 1,300 దాటినట్టే. రోజు మొత్తానికి ఇక్కడి లేబుళ్లు పెట్టిన పరిమితే 2,300. మనమేమో కూర అనగానే అలవాటు కొద్దీ ఇంకో అర చెంచా ఉప్పు వేస్తాం, పక్కన ఆవకాయ ఉండనే ఉంటుంది. అందుకే ‘నో సాల్ట్ యాడెడ్’ అని రాసినవే తెచ్చుకోండి. ‘రెడ్యూస్డ్ సోడియం’ అన్న మాటను నమ్ముకోవద్దు, మామూలు డబ్బా కంటే పాతిక శాతం తగ్గినా అలా రాసుకోవచ్చు.

మీ ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. శనగలు, రాజ్మా, బొబ్బర్లు కూడా క్యాన్లలో దొరుకుతాయి. ఇంట్లో ఉడికించిన వాటికీ వీటికీ ప్రొటీన్‌లో, పీచులో పెద్ద తేడా ఉండదు, తేడా అంతా మళ్లీ ఉప్పులోనే. చిల్లుల గిన్నెలో వేసి, ఆ జిగురు నీళ్లు వార్చేసి, నురగ పోయేదాకా ట్యాప్ కింద కడిగితే ఉప్పు 40 శాతం దాకా తగ్గుతుంది. పరీక్షల టైంలో మీకు ఇదే హాయి.

మా ఇంట్లో మాత్రం కుక్కర్‌లో కందిపప్పో ఎర్రపప్పో పెట్టి, ఉడికాక ఉప్పు వేయని క్యాన్ టమాటాలు కలిపి, పోపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండుతాను. నిమ్మకాయ రుచి కోసమే కాదు, పప్పులోని ఐరన్ ఒంటబట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. అన్నంలో తక్కువయ్యే లైసిన్ (ప్రొటీన్‌లో ఒక ముఖ్యమైన భాగం) పప్పులో ఉంటుంది కాబట్టి ప్రొటీన్‌కు కూడా దిగుల్లేదు. పాలకూర పప్పు చేయాలనిపిస్తే ఫ్రోజెన్ పాలకూర కొనండి. క్యాన్ పాలకూర తిన్నాను, ఆ పసరు వాసన ఎన్ని వెల్లుల్లి రెబ్బలు వేసినా పోదు.

ఎండు రాజ్మా తెచ్చుకుంటే ఒక్క జాగ్రత్త. ఇక్కడ చాలామంది స్లో కుక్కర్‌లో పడేసి క్లాసుకు వెళ్లిపోతారు. రాజ్మాలో సహజంగా ఉండే ఒక విషపదార్థం ఆ చిన్న సెగకు పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనివ్వాలి, లేదా ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించాలి. క్యాన్ రాజ్మా ఉడికే వస్తుంది కాబట్టి దానికి ఈ గొడవ లేదు. డబ్బా ఉబ్బి ఉంటే మాత్రం తెరవకుండా చెత్తలో వేసేయండి.