నాలుగు వేల లైన్ల క్లాస్‌ని విడగొట్టే ముందు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. మీ జావా ప్రాజెక్టులో ఆర్డర్ల పని చూసే ఆర్డర్ సర్వీస్ క్లాస్ నాలుగు వేల లైన్లు దాటిందని, కన్‌స్ట్రక్టర్‌లోనే పందొమ్మిది డిపెండెన్సీలు (అది ఆధారపడే వేరే క్లాస్‌లు) ఉన్నాయని, మొత్తం పక్కన పడేసి కొత్తగా రాసేస్తానని అన్నావు. ఆ చివరి మాట మాత్రం వద్దు. మిగతాది చేద్దాం, చేయాల్సిందే కూడా, ఎందుకంటే అలాంటి క్లాస్ ఉన్న టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఒక్క లైన్ మార్చడానికి కూడా భయపడిపోతూ కూర్చుంటారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కొత్తగా రాయొద్దని ఎందుకంటున్నానంటే, అందులో ఉన్న వింత ఇఫ్ కండిషన్లలో చాలావరకు ఎవరో కస్టమర్ కంప్లైంట్ చేస్తే పెట్టినవే అయ్యుంటాయి. కామెంట్ ఉండదు, రాసిన మనిషి ఎప్పుడో కంపెనీ మారిపోయుంటాడు. నువ్వు శుభ్రంగా రాసిన కొత్త క్లాస్‌లో ఆ కండిషన్ ఉండదు, రెండు నెలల తర్వాత అదే కంప్లైంట్ మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది.

కాబట్టి ముందు టెస్టులు. యూనిట్ టెస్టులు కాదు, ఆ డిపెండెన్సీల బదులు పందొమ్మిది మాక్‌లు, అంటే ఉత్తుత్తి క్లాస్‌లు, పెట్టి రాసిన టెస్ట్ పాసైనా నీకు తెలిసేది ఏమీ ఉండదు. క్యారెక్టరైజేషన్ టెస్ట్ అంటారు చూడు, పాత కోడ్ ఇప్పుడేం చేస్తోందో దాన్నే పట్టి ఉంచేది, అది రాయి. ప్రొడక్షన్‌లో వచ్చిన రకరకాల ఆర్డర్లు తీసుకుని, పేర్లు ఫోన్ నంబర్లు మార్చేసి ఆ క్లాస్‌కి ఇచ్చి, బయటికి ఏది వస్తే అది ఉన్నదున్నట్టు ఫైల్‌లో సేవ్ చేసుకో, క్యాన్సిల్ అయినవి, కూపన్ వాడినవి, సగం రిటర్న్ వచ్చినవి తప్పకుండా ఉండాలి. వచ్చిన జవాబు తప్పనిపించినా సరే అలాగే సేవ్ చెయ్. ఒక లెక్క చెప్తాను చూడు. 10.03 రూపాయల ఐటెంలు మూడు, 18 శాతం జీఎస్టీ. ఐటెం ఐటెంకీ రౌండ్ చేస్తే 1.81 చొప్పున మొత్తం 5.43. మూడూ కలిపి ఒక్కసారే రౌండ్ చేస్తే 5.42. పాత కోడ్ 5.43 ఇస్తోంది, నీకు 5.42 కరెక్ట్ అనిపిస్తుంది, విడగొట్టే పనిలో పనిగా దాన్ని కూడా సరిచేసేస్తావు, నెలాఖరుకి అకౌంట్స్ వాళ్ళ పుస్తకాల్లో పైసలు తేలవు, ఎక్కడ మారిందో వెతకడానికి నీ ముందు మూడు వందల ఫైళ్ళ డిఫ్ (మార్పుల జాబితా) ఉంటుంది. అది తప్పే అయితే వేరే టికెట్ పెట్టు, వేరే రోజు మార్చు. ఇంకోటి, ఈ అంకెలు పోల్చేటప్పుడు బిగ్‌డెసిమల్ (జావాలో డబ్బు లెక్కలకి వాడే అంకెల రకం) మీద ఈక్వల్స్ వాడకు, అది 5.4 వేరు 5.40 వేరు అంటుంది, కంపేర్‌టూ వాడు.

ఇప్పుడు ఎక్కడ కోయాలి అన్నది. లైన్లు లెక్కపెట్టి కోయకు, అసలు క్లాస్ పెద్దదైతే తప్పని కూడా అనుకోకు, ఐదొందల లైన్లున్నా ఒకే పని చేస్తుంటే దాని జోలికి వెళ్ళకు. ఒక పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా ఫీల్డ్‌లు, నిలువుగా మెథడ్‌లు రాసుకుని, ఏ మెథడ్ ఏ ఫీల్డ్‌ని ముట్టుకుంటోందో టిక్ పెట్టు. సాయంత్రానికల్లా ఆ టిక్‌లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి, ట్యాక్స్ రేట్ల ఫీల్డ్‌లు వాడే మెథడ్‌లు ఒకచోట, మెయిల్ పంపేవి ఒకచోట, స్టాక్ తగ్గించేవి ఇంకోచోట. చిదంబర్, కెమెరర్ 1994లో క్లాస్‌లకి కొన్ని కొలతలు ప్రతిపాదించారు, మెథడ్‌ల మధ్య పొత్తు ఎంత తక్కువుందో లెక్కగట్టేది అందులో ఒకటి, నువ్వు కాగితం మీద చేసేది ఇంచుమించు అదే. టూల్ ఇచ్చే నంబర్ కంటే ఆ కాగితమే ఎక్కువ చెప్తుందని నా నమ్మకం.

కాగితం పక్కన గిట్ హిస్టరీ (కోడ్‌లో ఏది ఎప్పుడు మారిందన్న చరిత్ర) కూడా పెట్టుకో, ఈ మెథడ్ మార్చమని ఎవరు అడిగారు అని చూడు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా, అప్పుడు ముట్టుకున్న మెథడ్‌లన్నీ ఫైనాన్స్ వాళ్ళవి. రాష్ట్రంలోపల అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, బయటికి అమ్మితే ఐజీఎస్టీ అని తేల్చే కోడ్ కూడా వాళ్ళదే. డెలివరీ మెసేజ్‌లో మాటలు మార్చమనేది మార్కెటింగ్. వీళ్ళిద్దరూ అడిగే మార్పులు ఒకే క్లాస్‌లో పడుతున్నాయంటే కోయాల్సింది సరిగ్గా అక్కడే. నేనైతే ట్యాక్స్‌తోనే మొదలుపెడతాను, డేటాబేస్‌తో పని లేదు, అంకెలు లోపలికి అంకెలు బయటికి, తేలిగ్గా ఊడొస్తుంది.

తీసేటప్పుడు పాత మెథడ్‌ని వెంటనే చెరిపేయకు. లోపలి కోడ్ కొత్త క్లాస్‌కి పంపించి, పాత మెథడ్ దాన్ని పిలిచేలా ఒక్క లైన్ ఉంచు, పిలిచేవాళ్ళెవరికీ తేడా తెలియదు, టెస్టులు నడుపు, కమిట్ చెయ్, తర్వాత పిలిచేవాళ్ళని ఒక్కొక్కరినీ మార్చుకుంటూ వెళ్ళు. కొత్త క్లాస్‌కి పాత క్లాస్‌నే పారామీటర్‌గా ఇవ్వాల్సి వస్తోందంటే నువ్వు కోసిన చోటు తప్పు. వెనక్కి తీసుకుని మళ్ళీ ఆ కాగితం చూడు. కొత్త క్లాస్‌కి హెల్పర్, మేనేజర్, యుటిల్స్ తప్ప వేరే పేరు తట్టకపోయినా అంతే, నాలుగు ఫైళ్ళయ్యాయని సంబరపడకు, ఇల్లు అలకగానే పండగ కాదు.

ఒక్కటి మాత్రం చాలా జాగ్రత్త, మీది స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ కాబట్టి చెప్తున్నా. ఆడిట్ లాగ్ రాసే మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అని, రిక్వైర్స్ న్యూ అని యానొటేషన్ ఉందనుకో, అంటే ఆ పని ఆర్డర్‌తో కలపకుండా విడి ట్రాన్సాక్షన్‌లో చెయ్యమని స్ప్రింగ్‌కి చెప్పే గుర్తు. ఇప్పుడు దాన్ని అదే క్లాస్‌లోని ఇంకో మెథడ్ పిలుస్తోంది, మామూలు సెటప్‌లో ఆ పిలుపు ప్రాక్సీ (ఆ గుర్తుల్ని అమలు చేసే స్ప్రింగ్ మధ్యవర్తి) గుండా వెళ్ళదు కాబట్టి ఆ యానొటేషన్ ఇన్నాళ్ళూ పనే చేయట్లేదు, ఆర్డర్ రోల్‌బ్యాక్ అయితే, అంటే డేటాబేస్‌లో రాసింది వెనక్కి పోతే, ఆడిట్ రికార్డు కూడా పోతోంది. నువ్వు దాన్ని వేరే బీన్‌లోకి (స్ప్రింగ్ తయారుచేసి నడిపే ఇంకో ఆబ్జెక్ట్‌లోకి) మార్చిన నిమిషం నుంచి యానొటేషన్ నిజంగా పనిచేయడం మొదలవుతుంది. ఒక్క అక్షరం లాజిక్ మార్చకపోయినా ఆర్డర్ ఫెయిలైనా ఆడిట్ రికార్డు మిగిలిపోతుంది, ప్రతి ఆర్డర్‌కీ ఒకేసారి రెండు డేటాబేస్ కనెక్షన్లు పడతాయి, రద్దీ టైంలో కనెక్షన్ల పూల్ ఖాళీ అయిపోయి అప్లికేషన్ బిగుసుకుపోవచ్చు. కాబట్టి క్లాస్ దాటించే ప్రతి మెథడ్ మీదా ఏ యానొటేషన్ ఉందో ముందు చూడు, క్యాష్ యానొటేషన్లకీ, అసింక్‌కీ ఇదే కథ. ఆడిట్ రికార్డు మిగలాలా వద్దా అన్నది నువ్వు కాదు తేల్చాల్సింది, ఆడిట్ చూసేవాళ్ళని అడుగు.

మీ మేనేజర్‌ని రీఫ్యాక్టరింగ్ (చేసే పని మారకుండా కోడ్ సర్దడం) కోసం నెల టైం అడుగుతానన్నావు, అడగకు. నెల రోజులు బ్రాంచ్ విడిగా ఉంటే మెర్జ్ చేసేటప్పుడు చచ్చేంత పని, ఈలోపు మిగతావాళ్ళు అదే క్లాస్‌లో ఇంకో వంద లైన్లు కలిపేస్తారు. వచ్చిన టికెట్ ఏదైనా ఆ చోటు ముట్టుకోవాల్సి వస్తే, ముందు ఆ చోటు వరకే విడగొట్టి ఒక పీఆర్ (రివ్యూకి పంపే మార్పుల కట్ట), అసలు మార్పుకి ఇంకో పీఆర్. రెండూ కలిపి పెడితే రివ్యూ చేసేవాడికి ఏది కదిలిందో ఏది మారిందో తెలియదు, పాపం చూసీ చూడనట్టు అప్రూవ్ కొట్టేస్తాడు.

ట్యాక్స్ ముక్క బయటికి తీశాక ఆ పీఆర్ మెర్జ్ చేసే ముందు నాకు ఒకసారి కాల్ చెయ్యి, ఆదివారమైనా పర్లేదు, స్క్రీన్ షేర్ పెట్టుకుని ఇద్దరం చూద్దాం. ఆ కాగితం కూడా దగ్గర పెట్టుకో.

మామయ్య